దుర్యోధనుడి ఎడమ చెయ్యి

తణుకు నుంచి తిరుపతి వెళ్ళొచ్చినవాళ్ళు లడ్డూ తెస్తారు. నేను లడ్డూతో పాటు ఒక మట్టిముద్ద, ఇరవై నిమిషాల వీడియో తెచ్చాను. లడ్డూ మూడు రోజుల్లో అయిపోయింది. మట్టిముద్ద మా స్టూడియోలో కెమెరాల పక్కన ఉంది. వీడియో కోసం మా వీధి వీధంతా ఒక విడత వచ్చి చూసి వెళ్ళింది. వచ్చిన ప్రతివాళ్ళకీ మొదటి నుంచీ చెప్పీ చెప్పీ గొంతు పోయింది. ఇక రాసి పెడుతున్నాను, కావలసినవాళ్ళు చదువుకోండి.

మాది పెళ్ళిళ్ళు తీసే ఫొటో స్టూడియో. నేల మీద కెమెరా మా ఆయనది, గాల్లో కెమెరా నాది. డ్రోన్ కొన్న కొత్తలో ఆయన దాన్ని రెండుసార్లు కొబ్బరిచెట్టుకు కొట్టారు. మూడోసారి నేను లాక్కున్నాను. యాభై ఏళ్ళ ఆడమనిషి చీరకొంగు దోపుకుని డ్రోన్ ఎగరేస్తుంటే పెళ్ళికొడుకుని వదిలేసి జనం నన్నే చూస్తారు. అబద్ధమెందుకు, నాకది ఇష్టమే.

కిందటేడు తిరుచానూరులో అమ్మవారి గుడి దగ్గర పూలమ్మే మునిలక్ష్మి పరిచయమైంది. పూలు కొంటూ నా ఫోన్లో, పైనుంచి తీసిన మా ఊరి జాతర చూపించాను. ఆమె చేతిలో దండ అలాగే పట్టుకుని చూసింది. చూసి, "అక్కా, మా నాయనకు ఇట్ల ఒక్కసారి సూపించాల" అంది.

వాళ్ళ నాయన పేరు చెంగల్రాయప్ప, కుమ్మరి. ఆ వైపు ఊళ్ళలో ఎండాకాలంలో భారతం జరుపుతారు. పద్దెనిమిది రోజులు పగలు కథ, రాత్రి వీధి నాటకం. చివర్న నేల మీద వెల్లకిలా పడుకున్న దుర్యోధనుణ్ణి మట్టితో చేస్తారు, అరవై అడుగుల మనిషిని. భీముడి వేషగాడు వచ్చి తొడ మీద కొట్టి చంపుతాడు. చేసిన బొమ్మ ఒక్క పూట కూడా ఉండదు. నలభై ఏళ్ళుగా ఆ ఊరి దుర్యోధనుణ్ణి చేస్తున్నది చెంగల్రాయప్పే, కానీ ఆయన దాన్ని ఒక్కసారి కూడా నిండుగా చూడలేదు. పాదం దగ్గర నిలబడితే పాదం కనిపిస్తుంది, మొహం దగ్గర నిలబడితే మొహం. ఈ ఏడు మోకాళ్ళు పూర్తిగా మొరాయించాయి, ఇదే ఆఖరు అని మునిలక్ష్మి ఫోన్ చేసింది. నేను టికెట్ తీయించుకున్నాను.

గూడూరు గాలి

గూడూరు వస్తోందని బోర్డు చూడక్కర్లేదు, సీజన్లో నిమ్మకాయల వాసన చెబుతుంది. అక్కడ రైలెక్కిన ఒకావిడ గోనెసంచి నా కాళ్ళ మీదే దించింది. నాకు ఒళ్ళు మండింది. కాళ్ళు తీయమని ఆవిడ, సంచి తీయమని నేను, వెంకటగిరి దాకా మాటామాటా అనుకున్నాం. ఆ తర్వాత ఇద్దరికీ ఆకలేసింది. నా పులిహోర ఆవిడ తింది, ఆవిడ పెట్టిన పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ నేను తిన్నాను. ఆవిడ మండీలో కాయలు ఏరి సైజుల వారీగా వేరు చేస్తుందట. పట్టుకుంటే చాలు, రసం ఎంతో చెప్పగలదట.

"ఏందమ్మా ఆ పెట్టెలో? అంత భద్రంగా పట్టుకోనుండావే" అంది.

డ్రోన్ చూపించాను. నాలుగు రెక్కలూ ముట్టుకుని చూసి, సంచిలోంచి ఎనిమిది కాయలు తీసి నా ఒళ్ళో పోసింది. "రెండు దానికి దిష్టి తీయ్, మిగతావి నువ్వు తాగు" అంది. దిగేటప్పుడు గోనెసంచి నేనే మోసి దించాను.

తిరుచానూరు: మూరెడు పూలు

తిరుపతిలో నేను డ్రోన్ సంచి జిప్పు కూడా తీయలేదు. కొండ మీదా, గుళ్ళ చుట్టూ ఎగరేస్తే లోపలేస్తారు, అలా వేయడమే మంచిది. తిరుచానూరులో లాడ్జి గదికి ఎనిమిది వందలు. కిటికీ తీస్తే ఎదురింటి గోడ. అయినా పొద్దున్నే అమ్మవారి దర్శనం గంటలో అయింది, అందుకని గోడని క్షమించాను.

మునిలక్ష్మి బేరం అయ్యేదాకా పక్కనే స్టూలేసుకుని కూర్చున్నాను. మా తణుకులోనూ పూలు మూర లెక్కే. కానీ అక్కడ మూర దగ్గర నేను కొనే మనిషిని. అమ్మే మనిషి పక్కన కూర్చుంటే లోకం వేరుగా కనిపిస్తుంది. మోచెయ్యి నుంచి వేలికొస దాకా దండ చాచి కోస్తుంది మునిలక్ష్మి. మూర నలభై. వచ్చిన ఆడవాళ్ళలో సగం మంది ఒకటే మాట: నీ మూర పొట్టి.

"నా చెయ్యి నేనేమన్నా కోసుకునుండానా? దేవుడు ఇచ్చిందే ఇంత" అంటుంది ఆమె, నవ్వుతూనే. ఒక పొడుగాటి ఆవిడ తన చేత్తో తానే కొలుచుకుంటానంది. కొలుచుకోనిచ్చింది కూడా.

"నష్టం కాదా?" అన్నాను.

"మనిషికొక మూర అక్కా. ఆయమ్మకు ఆయమ్మ చెయ్యి న్యాయంగా ఉంటాది, నాకు నాది" అంది. ఆ మాట అప్పుడు నాకు పూలబేరం మాటే అనిపించింది.

మట్టి రాజు

మధ్యాహ్నం ఇద్దరం బస్సెక్కి పుత్తూరు దాటి, నగరి ఇంకా రాకముందే దిగాం. ఊరి పేరు రాయొద్దని భారతం పెద్దలు మాట తీసుకున్నారు. రాస్తే వచ్చే ఏడు ఆకాశం నిండా డ్రోన్లే ఉంటాయట. వాళ్ళ భయం న్యాయమైనదే. దారి పొడుగునా తోతాపురి మామిడికాయల ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీలకు వెళుతున్నాయి. దుమ్మూ, కాయల వాసనా కలిసి గాలి నిండా ఉన్నాయి.

ద్రౌపదమ్మ గుడి ఎదుట మైదానంలో దుర్యోధనుడు పడుకుని ఉన్నాడు. కోరమీసాలు, కిరీటం, కుండలంత కళ్ళు. ఛాతీ మీద ఒక మనిషి చతికిలబడి తడిగుడ్డతో మట్టి నునుపు చేస్తున్నాడు. ఆయనే చెంగల్రాయప్ప. డెబ్బై ఏళ్ళుంటాయి, సోడాబుడ్డి అద్దాలు. మోకాళ్ళు సహకరించక, నడవడం మానేసి కూర్చునే జరుగుతున్నాడు.

"వచ్చినావామ్మా? బిడ్డ సెప్పింది. దా, రాజు కడుపు మీద కూచ్చో" అన్నాడు.

కూర్చోలేదు, భయమేసింది. పక్కన నిలబడి చూశాను. ఆయన దగ్గర టేపు లేదు. తాడూ లేదు. చేత్తోనే మూర వేసుకుంటూ పోతాడు. కుడి పక్క పని చేసేటప్పుడు కుడి చెయ్యి ఆనిస్తాడు. జరిగి జరిగి ఎడమ పక్కకు వచ్చాక ఎడమ చెయ్యి ఆనిస్తాడు. వాళ్ళ నాయన అలాగే చేసేవాడట.

మైదానం మూల తాటిచెట్టంత మాను ఒకటి పాతి ఉంది. అర్జునుడి తపస్సు రోజు వేషగాడు పాటలు పాడుకుంటూ దాని కొస దాకా ఎక్కుతాడు. పైనుంచి నిమ్మకాయలు, విభూతి విసిరితే పిల్లలు లేని ఆడవాళ్ళు కొంగుల్లో పట్టుకుంటారు. నా దగ్గర మిగిలిన ఆరు గూడూరు కాయలు చూసి, ముందే తెచ్చుంటే అర్జునుడికి ఇచ్చేవాళ్ళమే అన్నారు.

"ఆ మాను ఎక్కితే బొమ్మంతా కనపడుతుంది కదండీ?" అన్నాను.

చెంగల్రాయప్ప నవ్వాడు. "అర్జునుడు ఎక్కినపొద్దు ఈయన ఇంకా మట్టికుప్పే కదమ్మా. ఆ పొద్దు తప్ప ఎవురూ ఎక్కరాదు. నేను ఎక్కినా, పదేండ్లప్పుడు. మా నాయన బొమ్మ సేస్తా ఉండాడు, నిండుగా సూడాలని ఆశ. సగం ఎక్కినాక జారినా. ఈ ఎడం సెయ్యి ఇరిగింది."

"పుత్తూరు ఇక్కడే కదా, కట్టు కట్టించలేదా?" అన్నాను. విరిగిన ఎముకలకు పుత్తూరు కట్టు మా జిల్లాలో కూడా తెలుసు.

"మర్నాడు దుర్యోధన వధ. మట్టి తడి మీదుండాది. ఇడిసిపెట్టి యాడికి పోతాడు? నాయనే ఎదురుబద్దలు పెట్టి కట్టినాడు. పండగైనాక పుత్తూరు పోతే, ఎముక అతుక్కునేసింది, మల్లా ఇరగ్గొట్టాల అన్నారు. నేను ఏడిస్తే ఎనక్కి పిలుసుకొచ్చేసినాడు."

ఆ తర్వాత ఆయన అసలు సంగతి చెప్పాడు. నాయన పెద్దవాడై పని ఈయనకు అప్పగించాక, ఏటేటా వచ్చి బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగేవాడట. తిరిగి, "ఎడం చెయ్యి పొట్టిరా" అనేవాడట. అంతే. ఇంకో మాట లేకుండా తలొంచుకుని వెళ్ళిపోయేవాడట. పోయేదాకా, పన్నెండేళ్ళు, అదే మాట.

"నేల మీద నిలబడి ఎట్ల కనిపెట్టినాడో తెలీదు. నా కంటికి రెండూ ఒకటే. వచ్చే ఏడు బిడ్డ సేస్తాది. దానికి పని సెప్పిచ్చే ముందు నాకు తెలియాల కదమ్మా, తప్పుండాదా లేదా అని. తప్పును ఎట్ల అప్పజెప్పేది?"

నేను అంతదూరం వచ్చింది ఈ ఒక్క మాటకు జవాబు చూపించడానికే అని అప్పుడు అర్థమైంది.

ఆ పూట రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, అంటే వేరుశెనగ పచ్చడి, పెట్టారు. నేను నిజానికి నాటుకోడి మీద ఆశతో వచ్చాను. భారతం ముగిసేదాకా ఊళ్ళో ఎవరూ ముక్క ముట్టరట. సంగటి నమలకూడదు, మింగాలి అని మునిలక్ష్మి నేర్పింది. మా వైపు అన్నం తినే మనిషికి మొదటి ముద్ద గొంతులో ఆగింది. మూడో ముద్దకి నాటుకోడి మర్చిపోయాను, కొంచెంసేపు.

కొప్పు ముడిచేదాకా

నా రెండు బ్యాటరీల్లో ఒకటి ఉబ్బితే ఇంట్లో వదిలేసి వచ్చాను. ఉన్నది ఒకటి, ఇరవై ఐదు నిమిషాల ఆయువు. అందుకని మర్నాడు పొద్దున్నే ఎగరేయకుండా, చివరి ఘట్టం కోసం ఆగాను. భీముడు దిగే ముందు చెంగల్రాయప్ప బొమ్మ రెండు చేతులకూ పసుపుతో కడియాలు గీస్తాడు, అదే ఆఖరి పని. అప్పుడు పైకి లేపి రికార్డింగ్ నొక్కాను. ఎండలో నా స్క్రీను నల్లగా ఉంది, అందులో నా మొహమే కనిపిస్తోంది. అలవాటు కొద్దీ తీశాను. చెంగల్రాయప్పకి చూపించబోతే, "ఆ సన్నదాంట్లో నాకు ఆనదు. అయినాక టీవీలో పెద్దగా సూపించు" అన్నాడు.

భీముడు, దుర్యోధనుడు వేషాలు వేసిన ఇద్దరూ మట్టి మనిషి మీద పరుగెత్తారు, పడ్డారు, లేచారు. పలకల మోత, మైకులో పద్యం. మోకాలి పైన తొడలో ముందే పాతిపెట్టిన కుంకుమనీళ్ళ కుండ మీద గద పడింది. ఎర్రగా చిమ్మింది.

అప్పుడు ఒక్కసారిగా అన్నీ ఆగిపోయాయి. పలకలు ఆగాయి. మైకు ఆగింది. జనరేటరు ఆగింది. దూరంగా పొలంలో మోటారు కూడా ఎవరో ఆపారు. రోడ్డు మీద బండిమీద పోతున్న మనిషి ఇంజను ఆపి, దిగి, తోసుకుంటూ నడిచాడు. దుర్యోధనుడు పడ్డాక ద్రౌపదమ్మ జుట్టు ముడిచేదాకా ఆ ఊళ్ళో తిరిగేది ఏదీ తిరగకూడదు. ఫ్యాను, గ్రైండరు, చక్రం, ఏదీ. నాకీ సంగతి ఎవరూ చెప్పలేదు, ఎవరి తప్పూ కాదు. వాళ్ళకది ఊపిరి పీల్చడం లాంటిది, చెప్పాలని తోచదు. మా వైపు జాతరలో ఎంత మోత ఉంటే అంత గొప్ప. రెండు వేల మంది జనం చడీచప్పుడు లేకుండా నిలబడటం నేను పుట్టి ఎన్నడూ చూడలేదు.

ఆ నిశ్శబ్దంలో మోగుతున్నది ఒక్కటే, నా డ్రోన్. అందరూ తలలెత్తారు. గుడి పెద్దాయన నా వైపు చూసి చెయ్యి కిందికి ఊపాడు. గబగబా దించేశాను. రెక్కలు ఆగాయి. కానీ ఆ యంత్రం లోపల చల్లదనం కోసం అరచేతిలో సగముండే ఫ్యాను ఒకటుంటుంది, రెక్కలు ఆగినా అది జుయ్యిమంటూనే ఉంటుంది. మైక్ సెట్ నడిపే దొరస్వామి పరుగెత్తుకొచ్చాడు. బ్యాటరీల సంగతి తెలిసిన మనిషి. నేను రికార్డింగ్ ఆపేలోగా వెనక మీట నొక్కి బ్యాటరీ సర్రున లాగేశాడు. లాగి, రెండు చేతులతో నాకు భక్తిగా అందించాడు.

ద్రౌపదమ్మ వేషం కట్టినాయన ఆ ఎర్రనీళ్ళు జుట్టుకు రాసుకుని కొప్పు ముడిచాడు. లోకం మళ్ళీ మొదలైంది. జనం మట్టి కోసం ఎగబడ్డారు. ధాన్యంలో పెట్టుకుంటే మంచిదట. అరగంటలో రాజు లేడు, తొక్కిన మైదానం మిగిలింది.

కార్డు ఫోనుకి పెట్టి చూశాను. ఫైలుంది. నిడివి సున్నా. నొక్కితే తెరుచుకోదు. మామూలుగా ఫోన్లో ఒక నకలు పడుతుంది. ఫోన్ నిండిపోతోందని పోయిన వారం ఆ ఏర్పాటు ఆపేసింది నేనే. కూర్చుండిపోయాను. పెళ్ళయితే మళ్ళీ తలంబ్రాలు పోయించి తీయొచ్చు, ఇప్పటికి రెండుసార్లు పోయించాం కూడా. దుర్యోధనుణ్ణి మళ్ళీ ఎక్కణ్ణుంచి తెస్తాను?

మా ఆయనకి ఫోన్ చేశాను. "కార్డు మళ్ళీ డ్రోన్లోనే పెట్టి ఆన్ చెయ్యి, ఒక్కోసారి అదే బాగుచేసుకుంటుంది" అన్నారు. చేశాను. రెండు నిమిషాలు లైటు మిణుకుమని ఊరుకుంది. "కొబ్బరిచెట్టుకి కొట్టింది నేనే కదా, ఇదీ నా మీదే వేసేయ్" అన్నారు. నవ్వించాలనే అన్నారు. నేను ఫోన్ పెట్టేశాను.

చెంగల్రాయప్పకి చెప్పడం మాత్రం నా వల్ల కాలేదు. మునిలక్ష్మి చెప్పింది. ఆయన అద్దాలు తీసి తువ్వాలుతో తుడుచుకున్నాడు. "పోనీమ్మా, ఎండలో నిలబడినావే, మజ్జిగ తాగు" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం అగ్నిగుండం తొక్కారు. వందల మంది నిప్పుల మీద నడిచారు. నేను చూశాను గానీ, ఏమీ చూడలేదు.

నగరి: అతుకులు

పొద్దున్నే దొరస్వామి స్నానం చేసి, విభూతి పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "నేను పీకినదాన్ని నేనే పెట్టిస్తా, రా అక్కా" అన్నాడు. రాత్రంతా నిద్రపోలేదట. ఆయన మీద నాకున్న కోపం ఆ మొహం చూడగానే పోయింది. ఆపాల్సిన బటన్ నా బొటనవేలి కింద ఉంది, ఆయన చేతిలో కాదు.

పుత్తూరులో ఒక ఫోన్ల దుకాణంలో కార్డు పెట్టగానే "ఫార్మాట్ చేయాలా" అని తెర మీద వచ్చింది. దుకాణం మనిషి చక్కగా అవునని నొక్కబోయాడు. నేను పెట్టిన కేకకి బజ్జీల బండి దగ్గర జనం తిరిగి చూశారు. కార్డు లాక్కుని బయటపడ్డాం. నగరి బస్సులో మా పక్కన చేతికి పుత్తూరు కట్టుతో ఒక పెద్దాయన. దొరస్వామి ఆ కట్టునే చూస్తూ, "ఎముకకైతే ఈడనే పనైపోయేది" అన్నాడు.

నగరిలో ఏ సందులో చూసినా మరమగ్గాల టకటక. దొరస్వామి తీసుకెళ్ళింది వేలాయుధం దగ్గరికి. పాతికేళ్ళు మగ్గం నేసి, ఇప్పుడు కంప్యూటర్లో చీర అంచుల డిజైన్లు గీసే మనిషి. ముందు గదిలో కంప్యూటరు, వెనక గదిలో మగ్గాలు. చుట్టుపక్కల పెళ్ళి వీడియోలు చెడిపోయినా ఇక్కడికే తెస్తారట. కార్డు పెట్టి చూసి, తలూపాడు.

"ఫైలుకు బరువుండాది మా. బరువుంటే బొమ్మ ఉండాదనే. ఇది చెడినాక ఈ కార్డులో ఇంకేమన్నా తీసినారా?"

"లేదండి. కోపమొచ్చి సంచిలో పడేశాను."

"మంచి కోపం" అన్నాడు.

ముందు మొత్తం కార్డుకి నకలు తీసుకుని, అసలు కార్డు నా చేతిలో పెట్టేశాడు. ఇక దాన్ని ముట్టుకోనన్నాడు. తర్వాత విషయం చెప్పాడు. డ్రోన్ బొమ్మల్ని వరసగా రాసుకుంటూ పోతుంది. ఏ బొమ్మ ఎక్కడుందో చెప్పే పట్టీని మాత్రం, మనం ఆపమన్నాక, చివర్న రాస్తుంది. ఆ పట్టీ రాయకముందే కరెంటు పోయింది. బొమ్మలన్నీ ఉన్నాయి, వరస చెప్పేవాడు లేడు.

"కొప్పు ముడవలా, అంతే కదప్పా" అన్నాడు దొరస్వామి.

వేలాయుధం మమ్మల్ని వెనక గదిలోకి తీసుకెళ్ళాడు. చీర దిగిపోయిన మగ్గం మీద ఒకామె కూర్చుని కొత్త పోగుల్ని పాత పోగుల కొసలకు ఒక్కొక్కటే అతుకుతోంది. "చీరలు దిగినా పాత పడుగు కొసలు తీసెయ్యం మా. కొత్త పోగు యాడ దూరాలో ఆ కొసే చెప్తాది. మీ డ్రోన్తోనే, అదే కొలతల్లో తీసిన మంచి వీడియో ఒకటి ఇయ్యండి. దాని కొసలకు దీన్ని అతికిద్దాం."

నా దగ్గర మంచి వీడియో ఒక్కటీ లేదు. పాతవన్నీ ఇంట్లో. కొత్త కార్డు కొని, బ్యాటరీ నింపి, వాళ్ళ మిద్దె మీద నుంచి ఎగరేశాను. కింద వీధి పొడుగునా పడుగు దారాలు సాగదీసి ఉన్నాయి, పసుపూ ఎరుపూ. ఆపే బటన్ నొక్కి, నొక్కానా లేదా అని మూడుసార్లు చూసుకున్నాను. తీరా అతికిస్తే అంతా గులాబీ రంగు గళ్ళు. నేను తొందరలో వేరే కొలత పెట్టి తీశాను. మళ్ళీ మిద్దె, మళ్ళీ బ్యాటరీ. ఆ మధ్యలో వేలాయుధం భార్య ఇడ్లీలు, వడకర్రీ పెట్టింది. మా వైపు దొరకనిది అది. మిగిలిన గూడూరు నిమ్మకాయలు ఆమెకిచ్చాను. అందరికీ మజ్జిగలో పిండి తెచ్చింది.

రెండోసారి గంట పైన పట్టింది. మగ్గాల చప్పుడులో నేను తెలిసిన దేవుళ్ళందరినీ తలుచుకున్నాను. తెర మీద ముందు నలుపు, తర్వాత ఒక పసుపు గీత, తర్వాత కిరీటం. నాకు కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి, దాచుకోలేదు. దొరస్వామి ఆ కంప్యూటరుకు దండం పెట్టాడు.

చివరి పదకొండు సెకన్లు రాలేదు. నేను గాభరాగా దించుతున్న ముక్క అది. పోతే పోయింది.

ఎంత ఇమ్మంటారని అడిగితే వేలాయుధం తల అడ్డంగా ఊపాడు. "మా వీధి పడుగు మీరు పైనుంచి తీసినారే, అది నాకియ్యండి. పుట్టినకాడ్నించి చూస్తా ఉండా గానీ, అట్ల చూడలేదు." ఇచ్చాను, రెండుసార్లు తీసినవీ.

టీవీ ముందు

ఆ రాత్రి నగరిలోనే ఉండి, మర్నాడు పొద్దున ఊళ్ళో అడుగు పెట్టేసరికి ప్రతి పొయ్యి మీదా నాటుకోడి ఉడుకుతోంది. భారతం ముగిసింది. చెంగల్రాయప్ప ఇంట్లో టీవీ ముందు మంచం వేశారు. ఆయన అద్దాలు రెండుసార్లు తుడుచుకుని టీవీకి జానెడు దూరంలో కూర్చున్నాడు. మునిలక్ష్మి పక్కన, నేనూ దొరస్వామీ వెనక.

రాజు నిండుగా వచ్చాడు. పైనుంచి చూస్తే ఎంత అందగాడో. ఎర్రటి నేల మీద, చుట్టూ చీమల్లా జనం మధ్యన, హాయిగా పడుకుని ఉన్నాడు. ఎడమ చెయ్యి పొట్టిగా ఉంది. కొలవక్కర్లేదు, తెలిసిపోతోంది. ఇంత కష్టపడి తెచ్చింది ఈ ముసలాయనకి తప్పు చూపించడానికా అనిపించింది.

తెర మీద చిన్న బొమ్మలా చెంగల్రాయప్ప కడియం గీయడానికి కుడి భుజం నుంచి కుడి చేత్తో మూరలు వేస్తున్నాడు. తర్వాత జరుగుతూ ఎడమ పక్కకొచ్చి, ఎడమ చేత్తో.

"నిలుపు" అన్నాడు.

నిలిపాను. ఆయన తన రెండు చేతులూ ముందుకు చాచి, పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. ఎడమది నాలుగు వేళ్ళ వెడల్పు పొట్టి. అరవై ఏళ్ళుగా మోస్తున్న చెయ్యి, దాన్ని అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

"మనిషికొక మూర అంటాంటివే" అన్నాడు కూతురితో. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆయన నా వైపు తిరిగాడు. "మా నాయన బొమ్మను సూసి అన్లేదమ్మా. నా సెయ్యిని సూసి అన్నాడు. ఆయప్ప కట్టిన కట్టు అది. పుత్తూరు పోకుండా, పండగ ఇడవలేక కట్టిన కట్టు. ఏటా వచ్చి సూసుకోని, అంత మాట అని, తలొంచుకోని పోయినాడు. నేను నా పనిని తప్పుపడతాడని కోపం పెట్టుకుంటి. ఆఖరి ఏడు, నువ్వే సేసుకో పో నాయనా అనేస్తి."

ఏడ్చాడు. దాచుకోకుండా, హాయిగా ఏడ్చాడు. మునిలక్ష్మి ఆయన ఎడమ చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని నిమిరింది.

"వచ్చే ఏడు రెండు పక్కలా కుడి చేత్తోనే కొలువు" అన్నాడు ఆమెతో. "ఈ తప్పు నీకొద్దు. ఇది నాకూ మా నాయనకూ ఉండనీ."

ఆ తర్వాత వీడియో మొదటి నుంచి నాలుగుసార్లు వేయించుకున్నాడు. నాటుకోడి పులుసులో నాకు రెండు లివరు ముక్కలు వచ్చేలా మునిలక్ష్మి చూసుకుంది. వచ్చేటప్పుడు చెంగల్రాయప్ప ఒక మట్టిముద్ద చేతిలో పెట్టాడు. ఏ భాగమో ఎవరికి తెలుసు, అందరూ తొక్కిన మట్టి. దొరస్వామి బస్సు దాకా వచ్చి డ్రోన్ సంచి పైకి అందించాడు. నేను ఆ ఊరికి చూపించడానికి వెళ్ళాను. వాళ్ళు నాకు చూపించింది ఎక్కువ. ఆ అయిదు రోజులకి నేను రుణపడి ఉన్నాను, మాటవరసకి కాదు.

తణుకు

ఇంటికొచ్చిన సాయంత్రం మా ఆయన స్టూడియోలో వీడియో పెద్ద తెర మీద వేసుకుని చూశారు. ముప్పై ఏళ్ళుగా పెళ్ళికూతుళ్ళ ముక్కులు సన్నం చేసి, పెళ్ళికొడుకుల పొట్టలు లోపలికి నొక్కిన మనిషి. కడియాలు గీసే దగ్గర ఆపి, మౌసు పట్టుకున్నారు.

"అద్భుతంగా వచ్చిందే. ఈ ఎడం చెయ్యి ఒక్కటే పొట్టిగా ఉంది, రెండు నిమిషాల్లో సాగదీసేస్తాను."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"దాన్ని ముట్టుకోకండి" అన్నాను.